అప్‌డేట్: నాటాల్ వెళ్లిన చినముత్తాత జాడ దొరికింది

మా ముత్తాత తమ్ముడు విశాఖ నుంచి దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకు వెళ్లారని, ఇంటిపేరుతో వెతికితే దొరకడం లేదని అడిగాను కదా. ఊరు, తండ్రి పేరుతో చూడమన్న సలహా ఫలించింది. వారికి వేల దండాలు!

1860 నుంచి 1911 వరకు వెళ్లిన కూలీల ఓడ జాబితాల్లో ఒక్కో కూలీకి ఇచ్చిన సంఖ్య, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, చివరికి ఒంటి మీది మచ్చలు కూడా ఉన్నాయి. ఇంటిపేరుకు మాత్రం గడి లేదు. మా అప్పలస్వామి అక్కడ 'అపల్సామి', విశాఖపట్నం 'విజగపటం'. 'ఎడమ చెంప మీద మచ్చ' అని చదవగానే కళ్లు చెమర్చాయి.

కొడుకు పెళ్లి పత్రంలో ఆ పేరే ఇంటిపేరైంది, ఈసారి రెండు 'ప'లతో. అసలు ఇంటిపేరు ఓడ ఎక్కనే లేదు. డర్బన్‌లోని అప్పల్సామి కుటుంబాల వారెవరైనా ఉంటే, మీ పెద్దల కూలీ సంఖ్య చెప్పగలరా?