‘సముద్ర చౌర్యం’ సరైన మాటేనా?

తిరుపతి నుంచి: మిత్రులారా, ఇక్కడ న్యాయశాస్త్రం చదువుతున్న తెలుగు మాధ్యమం పిల్లల కోసం అంతర్జాతీయ న్యాయ పాఠాలు రాస్తున్నాను. పైరసీకి పత్రికలు వాడే ‘సముద్ర చౌర్యం’ నాకు మింగుడుపడటం లేదు. చౌర్యమంటే కన్నుగప్పి ఎత్తుకుపోవడం. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర న్యాయ ఒప్పందంలోని 101వ అధికరణం చెప్పేది వేరు. ప్రైవేటు ఓడలోని వాళ్లు స్వప్రయోజనం కోసం అంతర్జాతీయ జలాల్లో మరో ఓడ మీద హింసకు దిగినా, అందులోని మనుషులను నిర్బంధించినా, దోచుకున్నా అది పైరసీయే. చిల్లిగవ్వ పోనక్కరలేదు. 2023 డిసెంబరులో సోమాలియా దొంగలు ‘రుయెన్’ ఓడను చెరపట్టారు. 2024 మార్చిలో మన యుద్ధనౌక ఐఎన్ఎస్ కోల్‌కతా దాన్ని విడిపించి 17 మంది సిబ్బందిని కాపాడింది, లొంగిపోయిన 35 మందిని ముంబయి పోలీసులకు అప్పగించింది. మూడు నెలల ఆ చెరను చౌర్యం అనడానికి మనసొప్పదు. ‘ఓడ దోపిడీ’ అంటే ఎలా ఉంటుంది?

చిత్తూరు నుంచి, న్యాయవాది: దోపిడీ అంటే కోర్టులో చిక్కు వస్తుందండీ. శ్రీహరికోట తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల లోపల, అంటే మన దేశ జలాల్లో, ఓడను దోచుకుంటే అది మన దేశపు మామూలు దోపిడీ కేసు, మన పోలీసుల పని. అదే పని అంతర్జాతీయ జలాల్లో జరిగితే ఆ ఒప్పందంలోని 105వ అధికరణం ప్రకారం ఏ దేశ నౌకాదళమైనా పట్టుకోవచ్చు, పట్టుకున్న దేశపు కోర్టే శిక్ష వేయవచ్చు. రెంటికీ ఒకే మాట పెడితే అసలు తేడాయే చెరిగిపోతుంది.

ఈ తేడా ఎంత బరువైనదో ‘అలోండ్రా రెయిన్‌బో’ కేసు చూడండి. 1999లో సముద్ర దొంగలు ఎత్తుకుపోతున్న ఆ ఓడను మన నౌకాదళం, తీరరక్షక దళం కలిసి పట్టుకున్నాయి. 2003లో ముంబయి సెషన్స్ కోర్టు నిందితులకు ఏడేళ్ల శిక్ష వేసింది. 2005లో హైకోర్టు వాళ్లను విడుదల చేసింది. పైరసీకంటూ మనకు అప్పుడు ప్రత్యేక చట్టమే లేదు. 2022 నాటి సముద్ర పైరసీ నిరోధక చట్టంతో ఆ లోటు తీరింది. ఇప్పుడు యావజ్జీవం దాకా, ప్రాణం పోతే మరణశిక్ష దాకా వేయవచ్చు.

శ్రీకాళహస్తి నుంచి, తెలుగు ఉపాధ్యాయిని: మరి ‘సముద్ర బందిపోటు’ అందామా అండీ? గుంపు, బలప్రయోగం, భయం అన్నీ ఆ మాటలో ఉన్నాయి.

చిత్తూరు నుంచి, న్యాయవాది: చెవికి బాగుందమ్మా. కానీ మన నేర చట్టంలో బందిపోటుకు కనీసం అయిదుగురు ఉండాలి. పైరసీకి ఆ లెక్క లేదు.

తిరుపతి నుంచి: అయితే పాఠంలో ‘పైరసీ’ అనే ఉంచుతాను. సినిమా పైరసీతో కలవకుండా ముందు ‘సముద్ర’ చేరుస్తాను. 12 మైళ్ల లోపలి నేరానికి మాత్రం ‘ఓడల సాయుధ దోపిడీ’ అని రాస్తాను. ఇక ‘స్వప్రయోజనం’ దగ్గర ఒక సందేహం ఉంది. రాజకీయ లక్ష్యంతో ఓడను పట్టుకున్నవారు ఆ మాట కిందికి వస్తారా అన్నదానిపై న్యాయనిపుణుల్లోనే భేదాభిప్రాయాలున్నాయి. ‘సొంత లాభం’ అంటే డబ్బు ఒక్కటే గుర్తొస్తుంది. ‘వ్యక్తిగత ఉద్దేశం’ అంటే అర్థం కొంత విశాలమవుతుందనిపిస్తోంది. మీరేమంటారు?