టోలీన్ డ్రమ్ కొంటే నీళ్ల మోటార్‌తో తోడుకోవచ్చా?

ప్రశ్న:
నమస్తే అండి. మాది చిన్న ఫర్నిచర్ వర్క్‌షాప్. తలుపులకు, మంచాలకు ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లక్కర్ స్ప్రే కొడతాం. దాన్ని పలచన చేసే థిన్నర్ ఖర్చు బాగా పెరిగిపోయింది. తెలిసిన డీలర్ ఒకాయన 200 లీటర్ల టోలీన్ డ్రమ్ ఇప్పిస్తానంటున్నాడు, థిన్నర్‌లో ఉండేది అదేనట. లక్కర్‌లో నేరుగా కలపొచ్చా? డ్రమ్‌లోంచి 20 లీటర్ల ప్లాస్టిక్ క్యాన్లలోకి పాత నీళ్ల మోటార్‌తో తోడుకోవచ్చా? ఖాళీ అయ్యాక డ్రమ్మును కోయించి నీళ్ల తొట్టి చేయిద్దామని కూడా ఉంది.

జవాబు (పాలిష్ కాంట్రాక్టర్):
అన్నా, డీలర్ చెప్పింది సగమే నిజం. థిన్నర్‌లో టోలీన్ ఉంటుంది కానీ ఎన్‌సీని కరిగించేది అది కాదు. ఆ పని చేసేవి బ్యూటైల్ అసిటేట్, ఇథైల్ అసిటేట్ లాంటివి. టోలీన్ లక్కర్‌ని పలచన చేస్తుందంతే. ఒట్టి టోలీన్ ఎక్కువగా పోస్తే లక్కర్ విరిగి ముద్దకడుతుంది, ఆరాక చెక్క మీద తెల్లటి మసక వస్తుంది. మళ్లీ రుద్ది కొట్టాలంటే మిగిలిన డబ్బు కన్నా కూలీ ఎక్కువ. మిగతా రెండూ తెలిసినవాళ్లు చెప్తారు.

జవాబు (సాల్వెంట్లు వాడే ప్లాంట్‌లో సేఫ్టీ చూసే వ్యక్తి):
మోటార్ ఆలోచన ఇక్కడితో మానేయండి. మామూలు మోటార్ స్విచ్‌లో నిప్పురవ్వలు వస్తూనే ఉంటాయి.

టోలీన్ ఫ్లాష్ పాయింట్ (ఆవిరి అంటుకోవడం మొదలయ్యే వేడి) 4 డిగ్రీలు. అంటే మన చలికాలంలో కూడా దాని ఆవిరి అంటుకుంటుంది. గాల్లో ఆ ఆవిరి 1.1 నుంచి 7.1 శాతం మధ్య ఉంటే చిన్న రవ్వ చాలు. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. మూత పెట్టిన పెట్రోల్ ట్యాంకులో ఆవిరి మరీ చిక్కగా ఉండి మామూలుగా అంటుకోదు. టోలీన్ డ్రమ్ అలా కాదు. 25 డిగ్రీల దగ్గర డ్రమ్ లోపలి ఖాళీలో ఆవిరి దాదాపు 3.7 శాతం ఉంటుంది, అంటే సరిగ్గా పేలే హద్దుల మధ్యే.

పైగా ఇది కరెంటును మోయదు. గొట్టంలో పారుతుంటేనే స్టాటిక్ (రాపిడి వల్ల పుట్టే విద్యుత్ చార్జ్) పుడుతుంది. ప్లాస్టిక్ క్యాన్‌లోకి పోస్తే ఆ చార్జ్ పోవడానికి దారి ఉండదు, క్యాన్‌కి ఎర్త్ వైర్ కట్టినా లాభం లేదు. నైలాన్ చొక్కా విప్పేటప్పుడు చురుక్కుమనే స్పార్క్ ఉంది చూశారా, ఆ మాత్రం చాలు దీనికి.

ఇనుప క్యాన్ వాడండి. డ్రమ్మునీ క్యాన్‌నీ రాగి తీగతో క్లిప్పులు పెట్టి కలపాలి, డ్రమ్ముకి ఎర్త్ ఇవ్వాలి. క్లిప్ పెట్టేచోట పెయింట్ గీకి ఇనుము బయటపడేలా చేయండి, పెయింట్ మీద పెడితే పెట్టనట్టే. సాల్వెంట్ల కోసం చేసిన చేతి పంపు వాడి, గొట్టం క్యాన్ అడుగు దాకా దించి నెమ్మదిగా తోడండి. పైనుంచి ధారగా పోయకూడదు. నోటితో పీల్చి సైఫన్ అసలు చేయొద్దు. మింగితే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. అలా జరిగితే వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

దీని ఆవిరి గాలికన్నా మూడు రెట్లు బరువు. నేల మీద పాకి పక్క గదిలో అగరుబత్తి దాకా, దోమల బ్యాట్ దాకా పోగలదు. అంటుకుంటే నీళ్ల ధార కొట్టకండి, టోలీన్ నీటిపై తేలి మంట పాకుతుంది. డ్రై పౌడర్ లేదా ఫోమ్ సిలిండర్ తలుపు దగ్గరే ఉండాలి.

ఇంకొకటి. పెట్రోలియం చట్టం లెక్కలో ఇది క్లాస్ ఎ, అంటే అన్నిటికన్నా తేలిగ్గా అంటుకునే రకం. అమ్మకానికి కాకుండా సొంత వాడకానికైతే లైసెన్స్ లేకుండా 30 లీటర్ల దాకానే, అదీ గట్టి మూత ఉన్న డబ్బాల్లోనే, లోహపు డబ్బా అయితే 25 లీటర్లు మించకూడదు. 200 లీటర్లు పెట్టుకోవాలంటే లైసెన్స్ సంగతి ముందు తేల్చుకోండి.

అడిగినవారు:
మోటార్ మానేశాం సార్. కానీ ఖాళీ డ్రమ్ములో ఇక ఏముంటుంది? నీళ్లతో కడిగి కోయించొచ్చు కదా?

జవాబు (సేఫ్టీ వ్యక్తి):
నిండు డ్రమ్ము కన్నా ఖాళీదే నాకు భయం. అంత డ్రమ్ములో ఆవిరి పేలే స్థాయికి రావడానికి అడుగున పది మిల్లీలీటర్లు మిగిలినా చాలు. ఆ కొంచెం అంచు మడతల్లోనే దాక్కుంటుంది. నీళ్లతో కడిగితే పోదు, టోలీన్ నీళ్లలో దాదాపు కరగదు. గ్యాస్ కటింగ్ గానీ గ్రైండర్ గానీ పెట్టారంటే మూత ఎగిరొచ్చి మనిషిని కొట్టడం దేశమంతా జరుగుతూనే ఉంది. మూతలు బిగించి డీలర్‌కే తిరిగిచ్చేయండి. నీళ్ల తొట్టికి సింటెక్స్ కొనుక్కోండి.

అడిగినవారు:
సరే సార్. డ్రమ్ వద్దు, థిన్నరే కొనుక్కుంటాం. ఒక్కటి చెప్పండి, స్ప్రే కొట్టే కుర్రాడు సాయంత్రానికి తలనొప్పి అంటున్నాడు. ఎన్-95 మాస్క్ పెట్టుకుంటున్నాడు మరి.

జవాబు (సేఫ్టీ వ్యక్తి):
అది దుమ్మును ఆపుతుంది, ఆవిరిని కాదు. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ (సాల్వెంట్ ఆవిరిని పట్టుకునే డబ్బీ) ఉన్న సగం ముఖం మాస్క్ కావాలి, స్ప్రే తుంపరలకు దాని ముందు ప్రీఫిల్టర్ కూడా. మాస్క్‌లోంచి వాసన తెలిసిందంటే కార్ట్రిడ్జ్ అయిపోయినట్టే. అయితే ఎప్పుడూ వాసననే నమ్ముకోవద్దు, కాసేపటికి ముక్కు అలవాటు పడుతుంది. వైద్యుడికి ఒకసారి చూపించండి. చేతులకు అంటిన లక్కర్‌ని థిన్నర్‌తో కడుక్కునే అలవాటుంటే అదీ మాన్పించండి. చర్మం పగులుతుంది, అందులోంచి కొంత ఒంట్లోకీ పోతుంది.