సీబీసీటీలో (పళ్ల 3డీ ఎక్స్‌రే స్కాన్) పంటి వేరు లోపలి కెనాల్ వెడల్పు రోజుకోలా వస్తోంది, ఏం చేయాలి?

ఎండో పీజీ, రెండో ఏడాది:
అందరికీ నమస్కారం. ఎండోలో, అంటే రూట్ కెనాల్ చికిత్స విభాగంలో, థీసిస్ కోసం పీకేసిన పై మొదటి మోలార్లను మైనంలో నిలబెట్టి సీబీసీటీ తీశాను, వోక్సెల్ (స్కాన్ బొమ్మలోని అతి చిన్న ఘనం) 0.2 మి.మీ. పొడవులు బాగానే వస్తున్నాయి, వెడల్పు దగ్గరే తేడా కొడుతోంది. ఒక పంటికి నిన్న 0.31 వచ్చింది, ఇవాళ 0.48. స్కానూ అదే, కొలిచిందీ నేనే. ఇంకో పంటిలో ఎంబీ2 (ముందు బుగ్గవైపు వేరులోని రెండో కెనాల్) జాడే లేదు, తీరా ఛాంబర్ (పంటి లోపలి గది) తెరిచి అదే వేరులోని మొదటి కెనాల్ ఎంబీ1 నుంచి పాలటల్ (అంగిలి) వైపు వెళ్లే గాడిలో వెతికితే 10వ నంబర్ ఫైల్ (కెనాల్‌లోకి దించే సన్నటి సూదిలాంటి పరికరం) సగం దాకా దిగిపోయింది. ఆరు నెలల పని వృథా అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

ఓరల్ రేడియాలజీ:
కంగారు పడకండి, తప్పు మీ చేతిది కాదు. 10వ నంబర్ ఫైల్ మొన 0.10 మి.మీ., మీ వోక్సెల్ దానికి రెట్టింపు. ఒకే వోక్సెల్‌లో కొంత కెనాల్, కొంత డెంటిన్ (కెనాల్ చుట్టూ ఉండే పంటి గట్టి భాగం) పడితే రెండూ కలిసి ఒకే బూడిద రంగుగా వస్తాయి, సన్న కెనాల్ అందులోనే కలిసిపోతుంది. మీ 0.31కీ 0.48కీ మధ్య ఒక్క వోక్సెల్ తేడా కూడా లేదు, కర్సర్ కాస్త పక్కకి జరిగినా అంతే. ఎఫ్‌ఓవీ (స్కాన్ చేసే ప్రాంతం) తగ్గించి 0.08 మి.మీ. వోక్సెల్ దగ్గర మళ్లీ తీయించండి. బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ అన్ని పళ్లకీ ఒకేలా ఉంచండి, అవి మారితే కెనాల్ అంచు కూడా జరిగినట్టు కనిపిస్తుంది.

ఎండో సీనియర్:
పీకిన పళ్లే కదా, దొరికితే మైక్రో సీటీకే వెళ్లండి, 10–20 మైక్రాన్ల వరకూ చూపిస్తుంది. రేడియేషన్ ఎక్కువ, గంటలు పడుతుంది, అందుకే పేషెంట్లకు వాడలేం. అది దొరక్కపోతే చివర్లో కొన్ని పళ్లకి క్లియరింగ్ చేయండి: ఇండియా ఇంక్ ఎక్కించి, నైట్రిక్ యాసిడ్‌లో సున్నం తీసేసి, ఆల్కహాల్ తర్వాత మిథైల్ సాలిసిలేట్‌లో వేస్తే పన్ను గాజులా అయిపోయి లోపల నల్లటి దారాల్లా కెనాల్స్ కనిపిస్తాయి. వెర్టూచి అనే పరిశోధకుడు 1984లో కెనాల్స్‌ని 8 రకాలుగా విడదీసింది ఇలా పారదర్శకం చేసిన పళ్లు చూసే. మొదటిసారి చూసినప్పుడు గంటసేపు అక్కడే నిలబడిపోయాను. కాకపోతే ఆ పన్ను మళ్లీ స్కాన్‌కి పనికిరాదు.

క్లినిక్ నుంచి:
ఒక్క మాట. థీసిస్‌లో ‘ఎంబీ2 లేదు’ అని రాయొద్దండి, ‘ఈ వోక్సెల్‌లో కనిపించలేదు’ అని రాయండి. స్కాన్‌లో లేదని వేరే చోట వదిలేసిన కెనాల్ వల్లే నొప్పి తగ్గక నా దగ్గరికి వచ్చినవాళ్లున్నారు.

ఎండో పీజీ, రెండో ఏడాది:
చాలా థాంక్స్ అండీ. సోమవారం గైడ్ గారితో మాట్లాడి 0.08కి మళ్లీ తీయిస్తాను. అప్పటిదాకా పళ్లు ఆరి బీటలివ్వకుండా థైమాల్ నీళ్లలోనే ఉంచుతున్నాను.