సెంటర్ ఆడేవాడికి బరువు ముఖ్యమా, బలమా?

నా ఎత్తు 198 సెంటీమీటర్లు, బరువు మాత్రం 84 కిలోలే. బాస్కెట్‌బాల్‌లో సెంటర్ (రింగ్ దగ్గర ఉండే ఆటగాడు) ఆడతాను. రీబౌండ్ (గురి తప్పి తిరిగొచ్చే బంతి) కోసం బాక్స్ అవుట్ చేస్తుంటే, అంటే ఎదుటివాణ్ణి ఒంటితో అడ్డుకుంటుంటే, నాకంటే పొట్టివాడే మోకాళ్లు వంచి, నడుముతో నెట్టి నన్ను రింగ్ కిందకి తోసేస్తున్నాడు. బంతేమో వెనక వాడి చేతిలో పడుతుంది. ఒళ్లు మండిపోతోందనుకోండి!

ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) సెంటర్ షకీల్ ఓనీల్‌ది కొండంత ఒళ్లు, ఆయన సంగతి వేరు. కానీ డెన్నిస్ రాడ్‌మన్ 201 సెంటీమీటర్లే, సన్నగానే ఉండేవాడు. అయినా 1992 నుంచి 1998 దాకా వరసగా 7 సీజన్లు ఎన్‌బీఏ రీబౌండ్లలో ఆయనే ఫస్ట్ కదా?

ముందు బరువు పెంచాలా, లేక స్క్వాట్లు, డెడ్‌లిఫ్ట్‌లతో కాళ్లూ నడుమూ గట్టిపరచుకోవాలా? బరువెక్కితే జంప్ తగ్గుతుందని, మోకాళ్లు పోతాయని టెన్షన్. నెలకు ఎన్ని కిలోలు పెరిగితే వేగం పోదు? పోస్ట్‌లో (రింగ్ దగ్గర) ఆడినవాళ్లు ఎవరైనా చెప్పండి, ప్లీజ్.