అప్‌డేట్: అంబాజీపేట నుంచే డాక్యుమెంటరీ ఫొటోగ్రఫీ

కోనసీమలోని అంబాజీపేటలో ఉంటూ ఆన్‌లైన్‌లో డాక్యుమెంటరీ ఫొటోగ్రఫీ (నిజ జీవితాన్ని ఉన్నదున్నట్టు ఫొటోల్లో చూపించడం) నేర్చుకోవచ్చా, హైదరాబాద్ వెళ్లాల్సిందేనా అని ఇంతకుముందు అడిగాను. "ముందు మీ ఊళ్లో జరిగే ఒక పనిని ఎంచుకుని ఫొటోలు తీయండి" అన్నవారికి ధన్యవాదాలండి. కోర్సులో చేరాను. కొబ్బరి ఒలుపు కార్మికుల్ని తీస్తున్నాను.

కెమెరా పాఠాలు త్వరగానే అయిపోయాయి. నన్ను కదిలించింది క్యాప్షన్ల, అంటే ఫొటో కింద రాసే వివరాల పాఠం. 1936లో కాలిఫోర్నియాలో డొరోథియా లాంజ్ అనే ఫొటోగ్రాఫర్ తీసిన వలస తల్లి ఫొటోని ప్రపంచమంతా చూసింది. ఆవిడ పేరు మాత్రం లాంజ్ అడగలేదు. ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసేసరికి 1978 వచ్చింది! నలభై ఏళ్లు పేరు లేకుండా ఉండడం ఎంత అన్యాయం!

ఇప్పుడు నోట్‌బుక్ లేకుండా కొబ్బరి కొట్లకి వెళ్లట్లేదు. పేరు, ఊరు, తేదీ, చేస్తున్న పని రాసుకుంటాను. ఫొటో చూపించి, వాడుకోవచ్చా అని అడుగుతాను. ఒక పెద్దాయన "మొహం వద్దు బాబూ, చేతులు తీసుకో" అన్నారు. నేలలో పాతిన గునపం మీద కొబ్బరి డొక్క చీలుస్తున్న ఆ చేతులే ఇప్పటిదాకా నాకు బాగా నచ్చిన ఫొటో.

మా మాస్టారికి కోనసీమ కొత్త. చెట్టెక్కి కాయలు దించే దింపువాళ్లు వేరు, డొక్క తీసే ఒలుపువాళ్లు వేరు అని వివరించాల్సి వస్తోంది. దానివల్ల నా క్యాప్షన్లే బాగుపడుతున్నాయి. హైదరాబాద్ ఆలోచన మానుకున్నాను. తర్వాత దింపువాళ్లతో తోటల్లోకి వెళ్తాను.