ఫ్లాట్‌లోకి మంటలార్పే ఎక్స్‌టింగ్విషర్: 2 కేజీలా, 6 కేజీలా? ఎక్కడ తగిలించాలి?

మూడో_అంతస్తు
మియాపూర్‌లో రెండు పడకగదుల ఫ్లాట్. వంటింట్లో గ్యాస్ బండ, హాల్లో ఇన్వర్టర్, కింద పార్కింగ్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్. పగలంతా ఇంట్లో ఉండేది 65 దాటిన అమ్మానాన్నలే. షాపులో 6 కేజీల ఏబీసీ పౌడర్‌ది తీసుకోమంటున్నారు. ఆన్‌లైన్‌లో అరకేజీ స్ప్రే డబ్బాలు, పొయ్యి పైన సీలింగ్‌కి బిగించేవి కూడా కనిపిస్తున్నాయి. ఏది కొనాలి, ఎక్కడ పెట్టాలి? నూనె మంటకీ అదే సరిపోతుందా?

ఎర్రబండి
మీ ఇంటికి 6 కేజీలది వద్దండీ. లోపల పౌడర్ 6 కేజీలంటే డబ్బాతో కలిపి 9, 10 కేజీలు తూగుతుంది. ఆ వయసువాళ్లు ఒక చేత్తో దాన్ని ఎత్తి, రెండో చేత్తో పైపు పట్టుకోలేరు. 2 కేజీల ఏబీసీ తీసుకోండి, లేదా ముందు ఇంట్లో ఉన్న ఏదైనా 6 కేజీల బరువు అమ్మగారితో ఎత్తించి చూసి, డబ్బాతో కలిపి అంతకు తక్కువ కాకుండా తూగే 4 కేజీలది తీసుకోండి. ఒకటి మాత్రం తెలిసుండాలి: 2 కేజీలది నొక్కి పట్టుకుంటే పది సెకన్లు అటూ ఇటూగా ఖాళీ అయిపోతుంది. చెత్తబుట్ట, కర్టెన్ అంచు, స్విచ్‌బోర్డు దగ్గర మొదలైన మంట వరకే దాని సత్తా. మంట సీలింగ్‌ని తాకుతుంటే అందరినీ బయటికి తీసుకొచ్చి, తలుపు దగ్గరికి వేసి, 101కి ఫోన్ చేయడమే.

ఏబీసీలో ఏ అంటే కర్ర, బట్ట, కాగితం. బీ అంటే పెట్రోలు, కిరోసిన్ లాంటి ద్రవాలు. సీ అంటే మండే గ్యాస్. మన దగ్గర సీ అంటే కరెంటు అనుకునేవాళ్లు చాలామంది. అది అమెరికా లెక్క. ఇక్కడ కరెంటుకి అక్షరమే లేదు, కరెంటు పరికరాల మీద వాడొచ్చో లేదో లేబుల్ మీద విడిగా రాసి ఉంటుంది.

కొనేటప్పుడు డబ్బా మీద ఐఎస్‌ఐ గుర్తు, ఐఎస్ 15683 అనే అంకె, సీఎం/ఎల్ నంబరు ఉన్నాయో లేదో చూడండి. ఆ నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే లైసెన్సు నిజమో కాదో తెలిసిపోతుంది. తయారీ తేదీ రెండేళ్ల కిందటిదైతే వేరేది ఇమ్మనండి. స్ప్రే డబ్బా కారులో ఉంచుకోవడానికి బాగానే ఉంటుంది, ఇంటికి అదొక్కటే చాలదు. సీలింగ్‌కి బిగించే దానిలో గాజు బల్బు 68 డిగ్రీల దగ్గర పగిలితేనే పౌడర్ పడుతుంది. ఎవరూ లేనప్పుడు అక్కరకొస్తుందేమో కానీ, నూనె మంటకి ఎదురుగా మనిషి ఉంటే దానికన్నా బాండీ మీద కప్పే మూత ముందు పనిచేస్తుంది.

గేజ్_ముల్లు
పై మాటే కాస్త సాగదీస్తాను, ఎందుకంటే వంటింట్లో ఎక్కువగా వచ్చేది బాండీ మంటే. మరిగే నూనె మీద దగ్గర నుంచి పౌడర్ కొడితే ఆ ఒత్తిడికి నూనె ఎగిరి పొయ్యి చుట్టూ, మీ చేతుల మీదా పడుతుంది. మంట ఒక్కసారి ఆరినా నూనె ఇంకా వేడిగానే ఉంటుంది కాబట్టి మళ్లీ అంటుకుంటుంది. నీళ్లయితే మరీ ప్రమాదం. అడుగుకు దిగి ఒక్కసారిగా ఆవిరై, మండుతున్న నూనెని పైకి చిమ్ముతాయి. పొయ్యి నాబ్ కట్టేసి, బాండీకి సరిపడా మూతని అంచు మీదుగా జరిపి కప్పాలి. పైనుంచి పడేయకూడదు. బాండీ ఎత్తి సింక్ దగ్గరికి మోయకూడదు. పూర్తిగా చల్లారేదాకా మూత తీసి చూడకూడదు. ఆ మూత ఎప్పుడూ పొయ్యి పక్కనే ఉండాలి.

గ్యాస్ బండ పైపు దగ్గర మంట ఉంటే, చెయ్యి అందితే, తడి గుడ్డ చుట్టుకుని రెగ్యులేటర్ కట్టేయండి. గ్యాస్ ఆపలేని పక్షంలో మంటని పౌడర్‌తో ఆర్పకండి. ఆరిన మంట వెనక గ్యాస్ వస్తూనే ఉంటుంది, గాలికన్నా బరువు కాబట్టి నేల మీద పేరుకుని ఎక్కడో నిప్పు తగిలి పేలుతుంది. మంట లేకుండా వాసన మాత్రమే వస్తుంటే స్విచ్ వేయకూడదు, ఆపకూడదు. కిటికీలు తీసి, బయటికొచ్చి 1906కి ఫోన్ చేయండి.

ఇక ఎక్స్‌టింగ్విషర్ వాడే తీరు. ముందు వెనక్కి తిరిగి చూడండి, తలుపు మీ వీపు వైపు ఉండాలి. సీలు తెంపి పిన్ను లాగండి. లివర్ నొక్కి పట్టి పిన్ను లాగితే అది ఇరుక్కుంటుంది, కంగారులో చాలామంది చేసే తప్పు ఇదే. రెండు, మూడు మీటర్ల దూరం నుంచి మంట నాలుకల మీద కాదు, మంట మొదట్లోకి గురిపెట్టి, నొక్కి, అటూ ఇటూ ఊపుతూ మెల్లగా ముందుకు కదలండి. చిన్న గదిలో రెండు సెకన్లకే ఏమీ కనపడదు, దగ్గు వస్తుంది. ఆరాక వీపు చూపకుండా వెనక్కి నడవండి. కర్ర, పరుపు లాంటివైతే లోపల నిప్పు మిగిలే ఉంటుంది.

మూడో_అంతస్తు
చాలా ఉపయోగపడింది, ధన్యవాదాలు. ఇన్వర్టర్ దగ్గర సీఓటూ (కార్బన్ డయాక్సైడ్ గ్యాస్) ది వేరేగా ఒకటి పెట్టాలా? స్కూటర్ సంగతేంటి?

ఎర్రబండి
సీఓటూ మరక మిగల్చదు, సర్వర్ గదులకి మంచిది. కానీ మూసిన చిన్న గదిలో మనకీ ఊపిరాడకుండా చేస్తుంది, గ్యాస్ బయటికొచ్చే బూరని ఒట్టి చేత్తో పట్టుకుంటే చలికి చర్మం అంటుకుంటుంది. పైగా దానికి ఒత్తిడి చూపే గేజ్ ఉండదు, తూకం వేసి చూడాలి. ఇంటికి అక్కర్లేదు. ఇన్వర్టర్ విషయంలో అసలు చిక్కు వేరు: మెయిన్ ఆపేస్తే, కరెంటు పోయిందనుకుని ఇన్వర్టర్ ఆ వైర్లకే సరఫరా ఇస్తుంది. దాని స్విచ్ కూడా ఆపి, అప్పుడు పౌడర్ కొట్టండి.

స్కూటర్ లిథియం బ్యాటరీ అంటుకుంటే పౌడర్ పైమంటని అణుస్తుంది కానీ సెల్స్‌ని చల్లార్చదు, మళ్లీ మళ్లీ అంటుకుంటుంది. ఆ పొగ విషం. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంట చెలరేగి, పైన లాడ్జిలోకి పొగ కమ్మి 8 మంది పోయారు. మెట్ల కింద, లిఫ్ట్ పక్కన చార్జింగ్ పెట్టనీయకండి, బ్యాటరీని పడకగదిలోకి తేవద్దు.

గేజ్_ముల్లు
తగిలించే చోటు గురించి: పొయ్యి పక్కన గోడకి కాదు. మంట దాటి చెయ్యి చాపాల్సి వస్తుంది. వంటింటి గుమ్మం బయట, హాల్ వైపు, చేతికందే ఎత్తులో కొక్కానికి.

నెలకోసారి గేజ్ ముల్లు పచ్చ భాగంలో ఉందో లేదో, సీలు తెగలేదో చూసి, డబ్బాని తలకిందులు చేసి రెండుమూడు సార్లు తిప్పండి. ఏళ్లపాటు కదపకపోతే పౌడర్ అడుగున గడ్డకడుతుంది, అప్పుడు ముల్లు పచ్చలోనే ఉన్నా గ్యాస్ బుస్సుమని పోయి పౌడర్ లోపలే ఉంటుంది. "పనిచేస్తోందా" అని ఒక్క నొక్కు నొక్కి చూడకండి. వాల్వ్ మూసుకునే చోట పౌడర్ రేణువు ఇరుక్కుని కొన్ని రోజుల్లో ఒత్తిడంతా కారిపోతుంది. ఒక్క సెకను వాడినా రీఫిలే. రీఫిల్ చేసేవాళ్లు స్టిక్కర్ మాత్రం మార్చి ఇస్తుంటారు, డబ్బా విప్పి పౌడర్ చూపించమని అడగండి.