గవర్నెస్ ఆనా చిత్రాలపై థాయిలాండ్ నిషేధం సబబేనా?

పాతచిత్రాల ప్రేమి:
1862లో సయాం (నేటి థాయిలాండ్) రాజు మోంగ్‌కుట్ తన పిల్లలకు ఇంగ్లీషు చెప్పడానికి ఆనా లియోనోవెన్స్ అనే వితంతువును బ్యాంకాక్‌కు రప్పించుకున్నాడు. ఆమె తర్వాత తన అనుభవాలను పుస్తకాలుగా రాసింది. ఆమె కథతో 1956లో ‘ద కింగ్ అండ్ ఐ’, 1999లో ‘ఆనా అండ్ ద కింగ్’ వచ్చాయి. థాయిలాండ్ రెండింటినీ నిషేధించింది. రెండోదానికి షూటింగు అనుమతి కూడా ఇవ్వకపోతే మలేషియాలో తీశారు. వినోదం కోసం తీసిన చిత్రాల మీద ఇంత పట్టింపు అవసరమా?

గుంటూరు పాఠకుడు:
అవసరమేనండీ. మోంగ్‌కుట్ గద్దెనెక్కక ముందు 27 ఏళ్లు బౌద్ధ భిక్షువుగా ఉండి, పాళీ, సంస్కృతాలతో పాటు లాటిన్, ఇంగ్లీషు నేర్చి, ఖగోళ గణితంలో ఆరితేరినవాడు. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని తానే లెక్కకట్టి, వా కో అనే తీరగ్రామానికి ఫ్రెంచి శాస్త్రజ్ఞులను, సింగపూర్ గవర్నరును పిలిపించి చూపించాడు. (అదే గ్రహణాన్ని ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు జూల్స్ జాన్సెన్ మా గుంటూరులో పరిశీలించాడు కనుక ఈ తేదీ మా ఊరివాళ్లకు కొత్త కాదు.) అక్కడ సోకిన మలేరియాతోనే అక్టోబరు 1న కన్నుమూశాడు. అలాంటివాణ్ణి 1956 చిత్రం అరుపులూ గంతులతో నింపి, ఆఖరి ఘడియల్లో గవర్నెస్‌ను పక్కన నిలబెట్టింది. ఆమె 1867లోనే సయాం విడిచి వెళ్లిపోయింది! సాష్టాంగ ప్రణామాలను యువరాజు ఆ మంచం పక్కనే రద్దు చేసినట్టు చూపారు గానీ, ఆ యువరాజు చులాలాంగ్‌కార్న్ రాజయ్యాక ఆ పని చేసింది 1873లో. ఒక రాజవంశం తానుగా చేసుకున్న సంస్కరణలు టీచరమ్మ ఖాతాలోకి పోయాయి.

హైదరాబాద్ విద్యార్థిని:
గుంటూరు పాఠకుడు గారూ, తేదీలన్నీ సరే. అంతఃపురంలో బానిసత్వం మాత్రం ఆమె కల్పన కాదు కదా. అది పూర్తిగా రద్దయింది 1905లో. ఆమె రాసినదంతా కట్టుకథ అంటే ఆ స్త్రీల గోడు కూడా కొట్టుకుపోతుంది.

గుంటూరు పాఠకుడు:
బానిసత్వాన్ని నేను కాదనడం లేదు. అయితే సాక్షి ఎలాంటిదో చూడాలి కదా. 1831లో మన అహ్మద్‌నగర్‌లో పుట్టిన ఆమె, వేల్స్‌లో పుట్టానని జీవితాంతం చెప్పుకుంది. రాజు ఒక ఉంపుడుగత్తెను, ఆమె ప్రియుణ్ణి బహిరంగంగా సజీవదహనం చేయించాడని ఆమె రాసిన కథను చరిత్రకారులు చాలామంది నమ్మరు.

పాతచిత్రాల ప్రేమి:
అలాగైతే చిత్రాన్ని ఆడనిచ్చి, ఈ తప్పులన్నీ థాయి పత్రికల్లోనే ఎండగట్టవచ్చుగా? నిషేధిస్తే మోంగ్‌కుట్ తరఫున మాట్లాడాల్సిన ప్రేక్షకులే ఆ చిత్రాన్ని చూడలేకపోతారు.

గుంటూరు పాఠకుడు:
ఆ మాటతో ఏకీభవిస్తాను. నేను సమర్థించేది థాయిల కోపాన్నే; సెన్సారు కత్తెరను కాదు.